గోడ టీవీకి దండ

రండర్రా, దగ్గరికి జరగండి, చాప మీద ఇంకా చోటుంది. మన తిరువూరు లోకాన్నే దాటి ముందుకు వెళ్ళిన రోజు గురించి చెబుతాను. పేపరు వాళ్ళు సగమే రాశారు.

డెబ్బై ఎనిమిదిలో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఘనంగా ప్రకటించింది. లోకమంతా టీవీని పెట్టెలా చేస్తోంది, మేము గోడకు తగిలించే పలకలా చేస్తామంది. అందుకు తిరువూరునే ఎంచుకుంది. ఇక్కడ పెట్టె టీవీనే ఎవరూ చూడలేదు కాబట్టి, పోల్చి చూసి వంకలు పెట్టేవాడు ఉండడని మేనేజరు సుందరరావుగారి దూరదృష్టి.

ఫ్యాక్టరీ కోసం హన్నమ్మ మిరపచేను తీసుకున్నారు. మొగుడు పోయిన మనిషి, ఆ అరెకరమే ఆమెకు అన్నం. బదులు నేల ఇస్తామన్నారు, ఇవ్వలేదు. షెడ్డు లేచింది గానీ టీవీ రాలేదు.

"మాది దశలవారీ స్ట్రాటజీ అమ్మా," అని సుందరరావు ఎంతో ఓపిగ్గా చెప్పాడు. "మొదట చట్రం. తర్వాత వెలుగు. బొమ్మ కదలడం ఆఖరి దశ."

"మరి నా నేల ఏ దశలో వస్తుందండీ?"

"అది ప్లానింగులో ఉంది."

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారని తెలిసి, కాళ్ళ మీద పడైనా చేను అడగాలని హన్నమ్మ పొద్దున్నే షెడ్డుకు వెళ్ళింది. గోడకు పలక తగిలించి ఉంది. చుట్టూ చట్రం, వెనక బల్బు, ముందు మంత్రిగారి నవ్వు మొహం. కదలడం లేదు. ఊళ్ళోకి కొత్త బస్సు వచ్చినా, కొత్త ట్రాక్టరు కొన్నా చేసినట్టే పనివాళ్ళు దీనికీ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, అగరొత్తులు వెలిగించారు.

గోడ మీద చట్రం, చట్రంలో మనిషి, మెడలో దండ. హన్నమ్మ గుండెలు బాదుకుంది.

"ఓరి దేవుడో, అయ్యగారు పోయారో! నా చేను ఇంక నాకెవరిస్తారో!"

ఆ ఏడుపుకు బజారు బజారంతా కదిలొచ్చింది. పార్టీ పెద్ద జగన్నాథరావు పరుగున వచ్చి, బొమ్మ చూసి, చెప్పులు విడిచాడు.

"సార్, అది మా ప్యానెల్..." అన్నాడు సుందరరావు.

"బాధలో ఉన్నామయ్యా. టెక్నాలజీ రేపు మాట్లాడుకుందాం."

"అది కాదు సార్, మంత్రిగారు ఇంకా..."

"ఇంకా మన గుండెల్లోనే ఉన్నారు. మైకు పట్రా!"

మైకు వచ్చింది. ఎదురుగా జనం. జగన్నాథరావుకు ఉపఎన్నిక కళ్ళ ముందు కనబడింది.

"ఆ మహానుభావుడి ఆఖరి కోరిక నాకొక్కడికే తెలుసు. ఈ పేదరాలి నేల ఈమెకు తిరిగివ్వాలి! ఆయన జ్ఞాపకార్థం ఈ క్షణమే ఇచ్చేస్తున్నాం. షెడ్డు పీకించెయ్యండి!"

జనం చప్పట్లు కొట్టి, సందర్భం గుర్తొచ్చి, తలలు దించుకుని మౌనం పాటించారు. హన్నమ్మ ఏడుస్తూనే వెళ్ళి కంచె గుంజ ఒకటి పీకేసింది.

ఆ మౌనంలోకి జీపు వచ్చి ఆగింది. మంత్రిగారు దిగారు. దండ చూశారు, అగరొత్తులు చూశారు. కోప్పడలేదు, అంతటి సహనం ఆయనది.

"ఎంతమంది ఏడ్చారు?"

"ఊరు ఊరంతా అండి," అన్నాడు జగన్నాథరావు, చెప్పులు వెతుక్కుంటూ.

"కదలని బొమ్మకే ఇంత ఏడిస్తే, కదిలిందంటే ఎన్ని ఓట్లయ్యా! సుందరరావ్, షెడ్డు ఇంకా పెంచండి."

"నా చేను నాకిచ్చేశారు కదండీ?" అంది హన్నమ్మ.

"నా జ్ఞాపకార్థం ఇచ్చారమ్మా. నేను బతికే ఉన్నాను కదా, ఇంక జ్ఞాపకార్థం ఎక్కడిది?" అని మంత్రిగారు చట్టం విడమరిచి చెప్పారు. జనం జేజేలు పలికారు.

హన్నమ్మ గుంజను మళ్ళీ గుంటలో నిలబెట్టి, మన్ను తొక్కి, చేతులు జోడించింది.

"మరి, ఆ జ్ఞాపకార్థం మళ్ళీ ఎప్పుడండీ అయ్యగారూ?"

ఇదిగో, ఆమె అడిగిన ఆ మాట గుర్తుంచుకోండర్రా. మీ ఇంటికి ఎవరొచ్చినా చెప్పండి. గొంతు ఎత్తలేదని, ఎంతో మర్యాదగా అడిగిందని కూడా చెప్పండి.