దిబ్బెక్కిన సిలబస్

"రేపటి నుంచి మన నావికా విద్యార్థులకు సముద్రంతో పనిలేదు!" అని మంత్రిగారు కాలేజీ హాల్లో ప్రకటించగానే చప్పట్లు మారుమోగాయి. సముద్రానికి ఇంకా కబురందలేదు. కిటికీ అవతల దాని మానాన అది ఉంది.

చప్పట్లు కొట్టనిది ఒక్క పడవ మాస్టారే. ముప్ఫై ఏళ్లుగా ఆయన పిల్లలకి నీళ్లమీద పాఠం చెబుతున్న శిక్షణ పడవను తుక్కుకింద తోలేస్తామని అదే ప్రసంగంలో సెలవిచ్చారు మరి.

దాని బదులు వచ్చిన డిజిటల్ ఓడ అంటే మూడు పెద్ద తెరలు, ఓ స్టీరింగు. సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు. అంతమాత్రాన ప్రారంభోత్సవం ఆగుతుందా? ఎవరిదో ఓడ రేవులోకి వస్తున్న వీడియో పెట్టించారు ప్రిన్సిపాల్‌గారు. ఎంత ముందుచూపు!

మంత్రిగారు స్టీరింగు కుడికి తిప్పారు. ఫోటోలవాళ్లు పిలిస్తే దాన్ని వదిలేసి, వెనక్కి తిరిగి రెండు చేతులూ ఊపారు. ఓడ మాత్రం బుద్ధిగా రేవు చేరింది.

"ఇంత తేలికా! దీనికి మూడేళ్ల చదువెందుకయ్యా?"

"అంతా తమ హస్తవాసి అండీ," అంటూ ప్రిన్సిపాల్‌గారు అక్కడికక్కడే కెప్టెన్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు.

మాస్టారికి అప్పుడు తట్టింది. "అయ్యా, కెప్టెన్ అయ్యారు. ఆ పాత పడవని ఆఖరిసారి తమరే నడిపితే దాని జన్మ ధన్యమవుతుందండీ." నీళ్ల సంగతి ఒక్కసారి తెలిసొస్తే మనసు మారకపోతుందా అని ఆయన ఆశ.

మంత్రిగారు ఉబ్బిపోయి, వీడియోవాళ్లతో సహా ఎక్కేశారు.

"కుడిపక్క ఇసుకదిబ్బ ఉందండీ, కాస్త ఎడమకి..." అని మాస్టారు అంటూనే ఉన్నారు. మంత్రిగారు వెనక్కి తిరిగి రెండు చేతులూ ఊపారు. పడవ కరకరమంటూ దిబ్బెక్కి కూచుంది.

"మళ్లీ మొదట్నుంచీ పెట్టండయ్యా!"

"ఇది మొదట్నుంచీ రాదండీ. సముద్రం పోటెక్కాలి. ఆరు గంటలు పడుతుంది."

"పోటు ఇన్‌ఛార్జి ఎవరు? ఫోన్ కొట్టండి!"

కొట్టారు కూడా. "బిజీ వస్తోందండీ," అన్నాడు పీఏ వినయంగా.

ఆరు గంటలు ఎండలో మాడాక నీళ్లు పెరిగాయి. విద్యార్థులు తాళ్లేసి పడవను ఒడ్డుకి లాగారు. "పడవ పని తెలిసిన పిల్లలుండబట్టి బతికాం!" అన్నారు మంత్రిగారు, ఎర్రగా కమిలిన ముక్కు తడుముకుంటూ. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, బతికిపోయింది నా పడవ అనుకున్నారు.

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. మాస్టారి చొరవకు ప్రశంస. ఆ రోజు తీసిన వీడియోనే ఇకపై సిలబస్. పాఠమంతా తెరలోకి ఎక్కేసింది గనక పడవను తుక్కుకి తోలేశారు.

ఇప్పుడు మాస్టారు నీడపట్టున, ఏసీ గదిలో పాఠం చెబుతున్నారు. మొన్న ఓ అమ్మాయి స్టీరింగుతో కుస్తీపట్టి అలిసిపోయింది.

"మాస్టారూ, ఎటు తిప్పినా దిబ్బమీదికే పోతోందండీ!"

"తిప్పకమ్మా," అన్నారాయన. "వెనక్కి తిరిగి చేతులూపు. మార్కులు దానికే."