గౌను వేసుకున్న డిస్కు

ఇకమీదట ప్రభుత్వం నగ్నమైన వస్తువు ఒక్కటి కూడా కొనబోదని మంత్రిగారు ప్రకటించారు. మర్నాడు పేపర్లో మొదటి పేజీలో, నమస్కారం పెడుతున్న ఆయన ఫోటో కింద, బొద్దు అక్షరాలతో ఆ మాట పడింది.

జనన మరణ రికార్డుల ఆఫీసులో అటెండరుగా పనిచేసే బీరువా అక్క ఆ వార్తని స్టూలు మీద కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. నడుముకి ఎప్పుడూ నాలుగు బీరువాల తాళాలు వేలాడుతుంటాయి కాబట్టి ఆమెకి ఆ పేరు. ఫైళ్ళ మీద చీటీలు చూసి చూసి యాభై దాటాక ఆమెకి చదువు పట్టుబడింది. అచ్చులో ఉన్నదంటే ఆమెకి గురి.

"తమ్ముడూ, ఇంతకుముందు ప్రభుత్వం నగ్నంగా ఏం కొనేదిట?" అని కంప్యూటరు ఆపరేటరుని అడిగింది.

ఆపరేటరు తల పట్టుకున్నాడు. "నా డిస్కే అక్కా," అన్నాడు.

జరిగింది ఇదీ. ఆ ఆఫీసులో ఉన్నది ఒక్క కంప్యూటరు. అందులో ఉన్నది ఒక్క హార్డ్ డిస్కు. ఊళ్ళో పుట్టినవాళ్ళంతా అందులో ఉన్నారు. పాత కాగితపు రిజిస్టర్లని, కంప్యూటరు వచ్చిన రోజునే, దండలు వేసి ఫోటోలు తీసి చిత్తుకాగితాలవాడికి అప్పగించారు. ఆ డిస్కు ఈమధ్య గోడగడియారంలా టక్కు టక్కుమంటోంది. అది పోతే ఊళ్ళో ఎవరూ పుట్టనట్టే. అందుకని ఆపరేటరు పైవాళ్ళకి రెండు లైన్ల నోటు రాశాడు. కొత్త డిస్కు ఒకటి కావాలి, పెట్టెలో వచ్చేది అక్కర్లేదు, బేర్ డిస్కు చాలు అని.

"రెండూ ఒకటే డిస్కు అక్కా. పెట్టెలో అయితే ఒక వైరూ, నాలుగు మరలూ, ఎవరూ చదవని పుస్తకం ఒకటీ వస్తాయి. బేర్ అయితే ఉత్త వెండిరంగు కవర్లో పెట్టిస్తారు. చవక. మన దగ్గర వైరుంది, మరలున్నాయి. సబ్బుని అట్టపెట్టెతో సహా రుద్దుకుంటామా చెప్పు?"

కానీ పై ఆఫీసులో ఫైలు కదలాలంటే ప్రతి ఇంగ్లీషు మాటనీ తెలుగులో రాయాలని నియమం. అనువాదాధికారి నిఘంటువు తెరిచి, 'బేర్' దగ్గర వేలు పెట్టి, మొదట కనిపించిన అర్థం వేశాడు. 'నగ్న డిస్కు ఒకటి కావలెను.'

ఆ ఫైలు అయిదు అంతస్తులు ఎక్కింది. అందరూ అంత శ్రద్ధగా చదివిన ఫైలు ఆ భవనంలో ఇంకొకటి లేదు. రెండో అంతస్తులో 'ఎవరి కోసం?' అని రాశారు. మూడో అంతస్తులో 'ఫోటో జతచేయవలెను' అని రాశారు. నాలుగో అంతస్తు అధికారి ఫైలుని ఇంటికి పట్టుకెళ్ళి, నిరాశగా వెనక్కి తెచ్చారు. అయిదో అంతస్తులో మంత్రిగారు కళ్ళు మూసుకుని, "నేను బతికుండగానా!" అన్నారు. ఆ వేడిలోనే ప్రకటన చేశారు.

బీరువా అక్కకి ఇందులో సొంత బెంగ ఒకటుంది. మనవరాలిని బళ్ళో వేయాలి. జనన ధ్రువపత్రం లేనిదే బడివాళ్ళు గుమ్మం తొక్కనివ్వరు. పిల్ల పుట్టిన సంగతి ఆ టక్కుటక్కు డిస్కులోనే ఉంది. కంప్యూటరేమో ఒకసారి తెరుచుకుంటే రెండుసార్లు మూర్ఛపోతోంది.

"నెలాఖరు దాకానే సీటు ఆపుతారటమ్మా," అని కూతురు రోజూ పోరుతోంది. "పుట్టినట్టు రాసుకున్నది మీ ఆఫీసే, లేదంటున్నదీ మీ ఆఫీసే. చోద్యం కాకపోతే!"

మంత్రిగారు సమీక్షా సమావేశం పెట్టారు. మంచినీళ్ళ గ్లాసులు అందిస్తూ బీరువా అక్క కూడా ఆ గదిలో ఉంది.

"పెట్టెలో వచ్చే డిస్కులే కొందాం," అన్నారు మంత్రిగారు. "మనిషికి బట్టలెంతో డిస్కుకి పెట్టె అంత."

అందరూ ఈ మాటని రాసుకున్నారు. కొందరు కింద గీత కూడా గీసుకున్నారు.

"ఒక్క సందేహం. పెట్టెలోంచి బయటికి తీశాక దాని పరిస్థితేంటి?" అని మంత్రిగారే అడిగారు.

ఆపరేటరు లేచి నిలబడ్డాడు. "కంప్యూటర్లో బిగించాలంటే తీయాల్సిందే సార్. తీశాక అదీ బేర్ డిస్కే."

మంత్రిగారు గ్లాసెత్తి గుక్కెడు నీళ్ళు తాగారు.

"అంటే తీయకూడదన్నమాట," అన్నారు మంత్రిగారు.

అంత జటిలమైన ప్రశ్నని గుక్కెడు నీళ్ళు తాగేలోపల తేల్చేసినవారిని బీరువా అక్క తన సర్వీసులో చూడలేదు.

టెండరులో ఇరవై రెండు షరతులు పెట్టారు. పెట్టె నిగనిగలాడాలి. మూలలు నలగరాదు. మూత మీద మంత్రిగారు నవ్వుతూ ఉండాలి. పళ్ళు కనిపించవచ్చు, చిగుళ్ళు కనిపించరాదు. ఎట్టి పరిస్థితిలోనూ పెట్టె విప్పరాదు. ఆపరేటరు అడిగింది ఒక్కటే అయినా, అడిగినవాడి మనసు చిన్నబుచ్చకూడదని రెండొందలు మంజూరు చేశారు. పోటీలో చివరిదాకా నిలిచింది మంత్రిగారి బావమరిది ఒక్కరే. ఆయనకి చెప్పుల పెట్టెల ఫ్యాక్టరీ ఉంది. పెట్టెల విషయంలో ఆయనతో తూగేవారు లేరని కమిటీ ఏకగ్రీవంగా మెచ్చుకుంది.

సరుకు వచ్చిన రోజు గుమ్మానికి రిబ్బను కట్టారు. బీరువా అక్క ఒక్క విడతలో ఇరవై పెట్టెలు ఎత్తుకుని మెట్లెక్కేసింది.

"చూశారా!" అని మంత్రిగారు విలేకరులకి చూపించారు. "ఊరు ఊరంతా పట్టే డిస్కులు. అయినా ఆవిడ పూలబుట్టలా మోస్తోంది. సాంకేతిక విప్లవం అంటే మీరేమనుకున్నారు?"

పెట్టెలు బీరువాలో సర్దుతుంటే ఒకదాని అడుగున చీమతలకాయంత అక్షరాలు కనిపించాయి. బీరువా అక్క కళ్ళజోడు సవరించుకుని కూడబలుక్కుంది. 'లో-ప-లి వస్తువు వి-డి-గా కొ-న-వలెను.' తక్కినవి కూడా తిరగేసి చూసింది. అన్నిటి మీదా అదే మాట. వెళ్ళి సూపరింటెండెంటుగారికి చెప్పింది.

ఆయన పెట్టె వంక చూడలేదు. ఆమె వంక చూశారు.

"నీకు చదవడం ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. ఫైళ్ళు చూసి చూసి…"

"ఫైళ్ళు నువ్వు మోయడానికమ్మా. చూడటానికి మేమున్నాం," అన్నారాయన.

నెలాఖరు వారం రోజుల్లో ఉందనగా పాత డిస్కు టక్కుమనడం మానేసి గరగరలాడటం మొదలుపెట్టింది. ఆపరేటరు ఆమెని పక్కకి పిలిచాడు.

"ఇంకొక్కసారి తెరుచుకుంటుందేమో అక్కా. ఆ కాస్తలోనే అందర్నీ వేరేదాన్లోకి ఎత్తేయాలి. మా ఇంట్లో ఒక డిస్కుంది. బేర్‌ది."

"అందులో ఏముంది?"

"మా పెళ్ళి వీడియో. చెరిపేశాను. మీ మరదలితో అనకు."

"తీసుకురా మరి."

"ఎలా తెస్తాను? గేటు దగ్గర సోదా చేస్తున్నారు. మూత లేని పెన్ను కూడా రానివ్వడం లేదు."

బీరువా అక్క అతని చేత డిస్కు కొలతలు రాయించుకుంది. ఇంటికెళ్ళి, మనవరాలికి పొట్టయిపోయిన గౌనుని కత్తిరించి, ఆ కొలతకి చిన్న గౌను కుట్టింది. కాలరు పెట్టింది. రెండు గుండీలు పెట్టింది. వైరు దూరడానికి ఒక చెయ్యి వదిలింది. మర్నాడు వీధి మలుపులో ఆపరేటరు దగ్గర డిస్కు అందుకుని, గౌను తొడిగి, సంచిలో వేసుకుని గేటు దగ్గరికొచ్చింది. కాపలావాడు సంచి తెరిచాడు.

"ఏంటక్కా ఇది?"

"మనవరాలి బొమ్మ."

"మెడదాకా గుండీలు పెట్టుకుందే! మన ఆఫీసర్లకంటే నయం," అని లోపలికి పంపాడు.

ఆఫీసు మొత్తం భోజనాలకి వెళ్ళింది. ఆపరేటరు, బీరువా అక్క మాత్రం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఊళ్ళో జనమంతా ఒక్కొక్కరే పాత డిస్కులోంచి గౌనులోకి దిగారు. చివరి మనిషి దిగీ దిగగానే పాత డిస్కు కన్నుమూసింది. ఆపరేటరు మనవరాలి పత్రం తీసిచ్చాడు. ఇక ముద్ర ఒక్కటే తరువాయి.

సూపరింటెండెంటుగారు ముద్ర పట్టుకుని, "పాతది పోయిందన్నారు కదా. ఇది ఏ డిస్కులోంచి వచ్చింది?" అన్నారు.

ఆమె చూపించింది. ఆయన గౌను అంచుని పెన్సిలుతో ఎత్తి, వెంటనే వదిలేశారు.

"లోపల నగ్నమే కదా!"

"లోపల అందరమూ అంతే కదండీ."

ఆయన ఆమెకి మెమో ఇచ్చారు. పత్రాన్ని సొరుగులో పెట్టి తాళం వేశారు. దర్యాప్తు తేలేదాకా పత్రం అక్కడే ఉంటుందన్నారు.

నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా మంత్రిగారి పార్టీ ఒక నియమం పెట్టింది. డెబ్భై దాటినవాళ్ళకి టికెట్టు లేదు. వయసు రుజువు ఆ సాయంత్రంలోగా చూపించాలి. మంత్రిగారికి పదేళ్ళుగా అరవై ఎనిమిది. చిక్కల్లా ఆయన చెల్లెలుగారికి మొన్ననే డెబ్భై ఒకటి నిండినట్టు మనవలు పేపర్లో వేయించారు.

మంత్రిగారు స్వయంగా రికార్డుల ఆఫీసుకి దయచేశారు. "నా పుట్టుక తీయండి," అన్నారు.

సూపరింటెండెంటుగారు బీరువాలు తెరిపించి రెండొందల పెట్టెలూ చూపించారు. మంత్రిగారు ఒకటి తీసి చెవి దగ్గర ఊపారు. ఇంకొకటి ఊపారు. విప్పమని మాత్రం అనలేదు. సొంత నియమాన్ని తప్పే మనిషి కాదు.

"పాతదేదీ?"

"కాలం చేసింది సార్," అన్నాడు ఆపరేటరు.

మంత్రిగారి మొహాన కత్తివాటుకి నెత్తుటిచుక్క లేదు.

"మీరున్నారు సార్," అంది బీరువా అక్క. "గౌనులో."

పత్రం వచ్చింది. మంత్రిగారు సంవత్సరం మీద బొటనవేలు పెట్టి, "ఇక్కడ సరిగా పడలేదు. మళ్ళీ తీయండి," అన్నారు. రెండోసారీ సరిగా పడలేదు. మూడోసారి ఆపరేటరుని టీకి పంపేసి సూపరింటెండెంటుగారే కంప్యూటరు ముందు కూర్చున్నారు. అది చక్కగా పడింది.

మంత్రిగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, డిస్కుని చేతిలోకి తీసుకున్నారు. "ఇలాంటి మంచి వస్తువుని నగ్నం అన్నదెవరు?"

అనువాదాధికారి నిఘంటువుతో పరుగెత్తుకొచ్చాడు. అదే పేజీలో వేలుని అంగుళం కిందికి జరిపాడు. "నిరాడంబర అని కూడా ఉంది సార్."

"అదీ! నిరాడంబరం! నా జీవితమంతా అదే కదయ్యా," అన్నారు మంత్రిగారు. "ముందు దానికా గౌను విప్పండి. ఆడంబరం."

ఇకమీదట ప్రభుత్వం నిరాడంబర డిస్కులు తప్ప కొనబోదని మర్నాడు పేపర్లో పడింది. అదే నమస్కారం, అదే బొద్దు అక్షరాలు. ఎన్నికల ముందు కాబట్టి టెండరు ఒక్క పూటలో ముగిసింది. ఈసారీ ఇరవై రెండు షరతులు. పెట్టె ఉండరాదు. కవరు ఉండరాదు. రంగు ఉండరాదు. మెరుపు ఉండరాదు. చప్పుడు చేయరాదు. ప్రజలకి భారం కారాదు. ఈసారీ బావమరిదిగారే గెలిచారు.

నెలాఖరు రోజున లారీ వచ్చింది. వెనక తలుపు దించారు. సరుకు అందుకోవడానికి బీరువా అక్క రెండు చేతులూ చాపి నిలబడింది. లారీలో నేల శుభ్రంగా ఊడ్చి ఉంది.

బావమరిదిగారు షరతుల కాగితం తీసి చదవడం మొదలుపెట్టారు. "పెట్టె లేదు. కవరు లేదు. రంగు లేదు. చప్పుడేమన్నా వస్తోందా?"

సూపరింటెండెంటుగారు లారీకి చెవి ఆనించి విన్నారు. "లేదండీ."

"రెండొందలు. లెక్క చూసుకోండి."

ఆయన వేలితో గాలిలో లెక్క చూసుకున్నారు. సరిపోయింది.

సరుకు ముట్టినట్టు సంతకం చేయాల్సింది బీరువాల తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్ళు. సూపరింటెండెంటుగారు సొరుగులోంచి మనవరాలి పత్రం తీసి ఎడమచేత్తో పట్టుకున్నారు, రసీదు కుడిచేత్తో చాపారు.

"నీకు చదువొచ్చుగా అమ్మా. సంతకం పెట్టు."

గడియారం నాలుగు దాటింది. బడి ఆఫీసు అయిదింటికి మూసేస్తారు. గేటు అవతల కూతురు పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"ముందు ముద్ర వేయండి సార్," అంది బీరువా అక్క. "చెయ్యి వణుకుతోంది. ముద్ర చూస్తే కాస్త కుదురుతుంది."

ముద్ర పడింది. ఆమె పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి సంచి అడుక్కి తోసింది. రసీదుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కూడబలుక్కుని చదివింది. పెన్ను తీసుకుంది. మూత తీయకుండానే తన పేరు మొత్తం నిదానంగా రాసి, కింద ఒక గీత గీసి, చుక్క పెట్టింది.

సూపరింటెండెంటుగారు కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. "సంతకమేదీ?"

"నిరాడంబర సంతకమండీ."

ఆయన బావమరిదిగారి వంక చూశారు. బావమరిదిగారు లారీ వంక చూశారు. సూపరింటెండెంటుగారు రసీదుని కిటికీ వెలుతురుకి పట్టి చాలాసేపు చూసి, "బాగుంది," అని ఫైల్లో పెట్టారు.

బీరువా అక్క రెండొందల డిస్కుల్నీ ఒక్క విడతలోనే మోసుకెళ్ళి బీరువాలో సర్ది, తాళం వేసి, బడికి బయల్దేరింది.