నీళ్ళు చూస్తున్నట్టు రుజువు

వచ్చే సోమవారం నుంచి ఊళ్ళో ఎవరూ నీళ్ళలో మునగరట. పై ఆఫీసులో నిర్ణయం అయిపోయిందట, సంతకాలు కూడా పడ్డాయట. ఈ సంగతి ఈతక్కకు పిట్టగోడ మీదుగా పక్కింటి పిన్ని చెప్పింది. పిన్నికి ఆడపడుచు చెప్పింది, ఆడపడుచుకి ఆ ఆఫీసులోనే ఫైళ్ళు మోసే వాళ్ళాయన చెప్పాడు. మూడు నోళ్ళు దాటి వచ్చినా మాట అరగలేదంటే అది నిజమే అయివుండాలి.

"మరి మునిగేవాళ్ళ సంగతి ఏంటట పిన్నీ?" అని అడిగింది ఈతక్క.

"దరఖాస్తు పెట్టుకోవాలేమోనే," అంది పిన్ని, ఆరేసిన దుప్పటి దులుపుతూ.

ఈతక్క అసలు పేరు జీతాల పట్టీలో ఉంది. దానితో ఎవరికీ పనిపడలేదు. పద్నాలుగేళ్ళుగా సర్కారు ఈతకొలనులో లైఫ్‌గార్డు. పొద్దున్నే ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లల బ్యాచి. ఆమెకు తెలిసిన పని ఒకటే, తలలు లెక్కపెట్టడం. ఎత్తుకుర్చీ ఎక్కి ఎడమ నుంచి కుడికి ఇరవై రెండు తలలు, మళ్ళీ కుడి నుంచి ఎడమకు ఇరవై రెండు. మేకల్ని తోలుకెళ్ళేవాడు కూడా మధ్యలో ఒకసారి చుట్ట కాల్చుకుంటాడు. ఈమెకు అదీ లేదు. ఇంట్లో అన్నాలు వడ్డించేటప్పుడు కూడా తలలు లెక్కపెడుతుందని వాళ్ళాయన వాపోతుంటాడు (ఉన్నవి మూడే). మునిగేవాడు కేకలు పెట్టడు, కేకలు పెట్టేవాడు ఇంకా మునగలేదు, కాబట్టి నీళ్ళను కాయాల్సింది చెవులతో కాదు, కళ్ళతో అన్నది ఆమెకు వచ్చిన మొత్తం శాస్త్రం.

ఆ శాస్త్రంతోనే పదకొండుమందిని బయటికి లాగింది. పద్నాలుగేళ్ళలో ఒక్కరూ పోలేదు. చివరికి అదే ఆమె కొంప మీదికి తెచ్చింది. ఎవరూ పోని చోట భద్రత జరుగుతోందని ఎలా నమ్మడం? కాగితమేదీ? అని పై ఆఫీసుకు అనుమానం వచ్చింది. ఆ అనుమానం కడుపున జలభద్రతా విభాగం పుట్టింది, విభాగానికి ఒక అధికారి పుట్టాడు.

జలభద్రతాధికారి నెమ్మదైన మనిషి. గొంతు పెంచడు. కొలను దగ్గరికి వస్తే గట్టుకు పదడుగులు ఇవతలే ఆగుతాడు. ఆయనకు ఈత రాదు. (ఈత వచ్చినవాడికి నీళ్ళ మీద పక్షపాతం ఉంటుందని నియామక నిబంధనల్లోనే రాసివుంది.) తనిఖీకి నారింజరంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని వస్తాడు. రెండో అంతస్తులోని తన గదిలో ఫైళ్ళు చూసేటప్పుడు కూడా దాన్ని విప్పడని చెప్పుకుంటారు. ముందుచూపున్న మనిషి.

మొదట ప్రవేశ ప్రకటన పత్రం వచ్చింది. అందులో పద్నాలుగు ప్రశ్నలు. తొమ్మిదోది: "ఇంతకుముందు ఎప్పుడైనా నీట మునిగి మరణించారా? అవును అయితే పూర్తి వివరాలు జతపరచవలెను." కిటికీ దగ్గర కూర్చునే టికెట్ల బాబాయి ఓపిగ్గా అందరిచేతా 'లేదు' అని రాయించాడు. ఒక పెద్దమనిషి మాత్రం తొందరలో 'అవును' దగ్గర టిక్కు పెట్టాడు. కొట్టివేతలు చెల్లవు కనుక, బతికే ఉన్నట్టు ధ్రువపత్రం తెచ్చుకునేదాకా ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

తర్వాత, గట్టు మీద వేలాడే రక్షణ ట్యూబులు ఎండకు పాడవుతున్నాయని బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి స్టోర్‌కీపరు దగ్గర, స్టోర్‌కీపరు వచ్చేది పదింటికి. అంతకుముందే మునగదలచినవారు ఒకరోజు ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయవలెనని నోటీసు అంటించారు.

అటుమీదట బోర్డులు. లోతు వైపు గట్టు పొడవునా నిలువెత్తు హెచ్చరిక బోర్డులు తొమ్మిది, నీళ్ళలో ఉన్నవాళ్ళు చదువుకునేలా నిలబెట్టారు. ఎత్తుకుర్చీలోంచి చూస్తే ఈతక్కకు బోర్డుల వీపులు తప్ప లోతు కనబడలేదు. ఆ మాటే అధికారికి చెప్పుకుంది. ఈతకొట్టేవాళ్ళకు బోర్డులు కనిపిస్తున్నాయా లేదా అని ఆయన అడిగాడు. కనిపిస్తున్నాయంది. మరింకేం అన్నాడు. ఆమె కుర్చీని ఈడ్చుకెళ్ళి నాలుగో బోర్డుకీ అయిదో బోర్డుకీ మధ్య సందులో వేసుకుంది.

ఇంతవరకూ ఈతక్క దేనికీ ఎదురుచెప్పలేదు. అసలు చిక్కు ఫోన్లోకి వచ్చింది. దాని పేరు 'జలనేత్రం'. లైఫ్‌గార్డు నీళ్ళను చూస్తున్నట్టు ప్రతి పావుగంటకూ రుజువు పంపాలి. రుజువంటే ఫోటో. ఫోటోలో ముఖం నిండుగా పడాలి, నోట్లో విజిల్ ఉండాలి, వెనక నీళ్ళు కనిపించాలి. నీళ్ళు వెనక కనిపించాలంటే నీళ్ళకు వీపు పెట్టాలని లెక్కలు రానివాడికి కూడా తెలుస్తుంది.

"నేను ఇటు తిరిగితే నీళ్ళను ఎవరు చూస్తారు సార్?" అని అడిగింది.

"ఫోటోలో నీళ్ళు పడతాయి కదమ్మా. ఆఫీసులో మేం చూస్తాం," అన్నాడు అధికారి ఓదార్పుగా.

"ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు సార్?"

"పదిన్నరకి."

ఇంకో మెలిక కూడా ఉంది. ముఖం తడిగా ఉంటే జలనేత్రం గుర్తుపట్టదు, గైరుహాజరు వేస్తుంది. (నీళ్ళలో దిగే లైఫ్‌గార్డులు ఉంటారని దాన్ని తయారుచేసినవాళ్ళకు ఎవరూ చెప్పలేదు.) మూడు గైరుహాజర్లు పడితే గట్టు దింపి రికార్డుల గదికి పంపుతారు. పిల్లలకు కాళ్ళాడించడం నేర్పడానికి నీళ్ళలో దిగి ఈతక్క అప్పటికే రెండు వేయించుకుంది. మూడోది పడితే ఆమె కుర్చీలోకి రికార్డుల గది గుమాస్తా వస్తాడు. ఆయనకు ఈత రాదు, సగం కొలను దాటితే చూపూ ఆనదు, కానీ ఫోటోలో మొహం కళగా పడుతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది ఈతక్క బతుకు. రుజువు పంపితే నీళ్ళు కాయలేదు, నీళ్ళు కాస్తే రుజువు లేదు, రుజువు లేకపోతే ఇరవై రెండు తలలూ గుమాస్తా పాలు. అందుకని ఫోటోకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి లెక్కపెట్టడం అలవాటు చేసుకుంది. మధ్యలోది దేవుడి డ్యూటీ.

జలభద్రతా వారోత్సవాల నాలుగో రోజు, ఆరూ నలభై అయిదుకి ఫోను గుర్రుమంది. లెక్కపెట్టింది, ఇరవై రెండు. తిరిగింది. మొదటి ఫోటోలో కళ్ళు మూతపడ్డాయని జలనేత్రం తిప్పికొట్టింది. రెండోదాంట్లో విజిల్ కనబడలేదంది. మూడోదాంట్లో విజిల్ కనబడింది గానీ పెదవులు కనబడలేదంది. ఫోను దించి ఇటు తిరిగితే ఇరవై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై ఒకటే.

తగ్గింది బుడగ. రెండో తరగతి పిల్ల. నీళ్ళలో మూతి పెట్టి బుడగలు ఊదడం తప్ప ఇంకేమీ రాదు కనుక ఆ పేరు. అక్షరాలు కూడబలుక్కోవడం కొత్తగా వచ్చింది, అందుకని ఎక్కడేం కనబడినా చదవాలి. గట్టు పట్టుకుని జానెడు జానెడూ జరుగుతూ, 'లోతు జాగ్రత్త' అనే బోర్డు చదవడానికి లోతులోకి వెళ్ళింది. జాగ్రత్త దాకా వచ్చేసరికి చెయ్యి జారింది.

ఈతక్క ఫోను విసిరేసి దూకింది. అడుగున నీలపు పలకల మీద బుడగ తల వెంట్రుకలు విచ్చుకుని ఊగుతున్నాయి, చేతులు ఊరికే ఉన్నాయి. చంకలో ఇరికించుకుని పైకి తెచ్చింది, గట్టు మీద బోర్లించి వీపు చరిచింది. ఏమీ లేదు. మళ్ళీ చరిచింది. మళ్ళీ. అప్పుడు పిల్ల భళుక్కున నీళ్ళు కక్కి, ఊపిరి ఈడ్చుకుని, ఏడుపు లంకించుకుంది. ఈతక్క ఆ ఏడుపు వింటూ చతికిలబడి, మిగిలిన తలలు లెక్కపెట్టింది. టికెట్ల బాబాయి పరుగున వచ్చి, కొలువు పోతుందే తల్లీ అంటూ ఫోను తుడిచి ఆమె ముఖానికి పట్టాడు. ముఖం తడిగా ఉంది. గుర్తుపట్టలేదు.

వారం తిరక్కుండా విచారణ. మేడ మీద పొడుగాటి బల్ల, ఒక చివర లైఫ్ జాకెట్‌లో అధికారి, ఇంకో చివర నిలబడి ఈతక్క. గోడవారగా బుడగ, వాళ్ళ అమ్మమ్మ. నివేదికను అధికారి నెమ్మదిగా చదివాడు. ఆరూ నలభై అయిదుకి రుజువు అందలేదు గనుక ఆ వేళ కొలను దగ్గర లైఫ్‌గార్డు లేదు. ఆరూ యాభై రెండుకి తీసిన ఫోటోలో ఉన్నది గుర్తుతెలియని స్త్రీ. సదరు స్త్రీ ప్రకటన పత్రం నింపకుండా, ఒంటిమీది బట్టలతో, దూకరాని చోట దూకింది. ఎవరూ మరణించలేదు కనుక ప్రమాదం జరగలేదు, ప్రమాదం జరగలేదు కనుక రక్షించడమూ జరగలేదు. అన్నీ తీసేయగా మిగిలింది దూకడం. (వారోత్సవాలు విజయవంతమైనట్టు అదే నివేదిక చివరి పేరాలో ఉంది.)

రికార్డుల గది ఉత్తర్వు బల్ల మీద సిద్ధంగా ఉంది. ఒక్క గడి నింపడం మిగిలింది, సాక్షి వాంగ్మూలం. అధికారి కలం మూత తీసి, ముందుకు వంగి, మెత్తగా అడిగాడు.

"భయపడకు పాపా. నువ్వు మునుగుతున్నప్పుడు ఈ అక్క నీళ్ళవైపు చూస్తోందా?"

బుడగ అమ్మమ్మ చెయ్యి వదిలించుకుంది. "లేదు," అంది.

ఈతక్క తల దించుకుంది. అధికారి 'లేదు' అని గుండ్రంగా రాసుకున్నాడు. నిజం బయటపడ్డప్పుడు ఉండే తృప్తి ఆయన ముఖంలో కనిపించింది. వాంగ్మూలం పూర్తిగా ఉండాలని ఇంకొకటి అడిగాడు.

"మరి ఏం చేస్తోంది?"

"నేను చెయ్యెత్తాను. అక్క మీకోసం ఫోటో దిగుతోంది."