రక్తంలో సమాన వాటా

మిద్దె మీద మిరపకాయలు ఆరబోద్దామని బుట్ట ఎత్తుకున్న రంగనాయకమ్మకు, తోడికోడలు సరస్వతమ్మ పట్టుచీర కట్టుకుని నంద్యాలకు బయలుదేరడం కనిపించింది. వారం నుంచి సరస్వతమ్మకు మొహమూ కాళ్ళూ వాపు. డాక్టర్ శేషాద్రి ఈరోజు రక్తం తీసి హైదరాబాదుకు పంపుతాడట. ఒంటిని కాయవలసిన యాంటీబాడీలు సొంత కిడ్నీల మీదే తిరగబడ్డాయేమో ఆ పరీక్షలో తేలుతుందట.

రంగనాయకమ్మకు కడుపు మండిపోయింది. ఆళ్ళగడ్డలోని ఆ ఇంట్లో అత్త నరసింహమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. ఒక కోడలికి ఏది వస్తే రెండో కోడలికీ అదే రావాలి, చీరైనా చెప్పులైనా. అలాంటిది చిన్నదానికి మంచం దగ్గరికే కాఫీ, దానిమ్మ గింజలు, ఇప్పుడు రక్తపరీక్ష కూడానా! పెద్దకోడలిగా తన విలువ ఏమైనట్టు?

"అత్తా, దానికొక్కదానికేనా పరీచ్చ? నాది రక్తం కాదా?"

"నీకేం రోగమే?"

"నాకూ కాళ్ళు వాచినాయి. మీరు చూస్తే గదా!"

చూపించడానికి వాపు లేదు. అందుకని గదిలోకి పోయి, మోకాళ్ళ కింద లంగా నాడాలు బిగించి కట్టుకుంది. అత్తతోనూ తోడికోడలితోనూ ఎక్కిన బస్సు నంద్యాల చేరేసరికి పాదాలు నిజంగానే ఉబ్బాయి, తిమ్మిరెక్కాయి కూడా. దిగబోయి కండక్టరు మీద పడింది. రిక్షాలో చాటుగా నాడాలు విప్పుకున్నా వాపు దిగలేదు. ఇద్దరు మోసుకొచ్చిన ఆమెను చూసి డాక్టరు కంగారుపడ్డాడు.

"ఈమెకే ముదిరినట్టుంది. ముందు ఈమె రక్తం తీయండి. రిపోర్టు వచ్చేదాకా ఇద్దరికీ ఉప్పు, ఊరగాయ బంద్!"

సరస్వతమ్మకంటే ముందు సూది తనకే పడినందుకు రంగనాయకమ్మ మురిసిపోయింది. ఉప్పులేని పప్పును కూడా గర్వంగానే తిన్నది.

రిపోర్టులు వచ్చాయని కబురందితే ముగ్గురూ మళ్ళీ నంద్యాల పోయారు.

"సరస్వతమ్మకు యాంటీబాడీలు లేవు. ఆ వాపు మందులతో తగ్గిపోతుంది. రంగనాయకమ్మకు మాత్రం కనిపించాయి" అన్నాడు డాక్టరు.

రంగనాయకమ్మకు తన పిల్లలు కళ్ళముందు మెదిలారు. ఆ క్షణాన పెద్దరికమూ వద్దు, దానిమ్మ గింజలూ వద్దు.

"అయ్యా, నాకే రోగమూ లేదు! నాడాలు కట్టుకొని వాపు తెచ్చుకుంటి! దీని మింద కుళ్ళుతో చేస్తి!" అని భోరుమంది.

డాక్టరు కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. "చాలా కొంచెమే తల్లీ. అంత మాత్రం ఏ రోగమూ లేనివాళ్ళకూ కనిపిస్తుంది. ఆ రోజే పరీక్ష చేసిన నీ మూత్రం శుభ్రంగా ఉంది. ఇంటికి పోయి ఊరగాయ తిను."

"సొంతోళ్ళ మిందే పడేవి దీని ఒంట్లో లేకుంటే ఇంకెవరి ఒంట్లో ఉంటాయి సామీ!" అంది నరసింహమ్మ.

తిరుగు బస్సులో సరస్వతమ్మ మొహం మళ్ళీ ఉబ్బింది, ఈసారి రోగంతో కాదు.

"అక్కకు వచ్చినాయంట, నాకెందుకు రాలేదత్తా? కట్టుబాటు కట్టుబాటే గదా?"

ఆళ్ళగడ్డ చేరేదాకా ఆమె అత్తకు వీపు తిప్పి కూర్చుంది.