ముందు గది లైను

పదవీ విరమణ జరిగిన నలభై రెండో రోజున లోకో పైలట్ గురవయ్య, తన ఇంటి ముందు గదిలో భార్య కట్టిన బొమ్మ రైలుకు డ్రైవరుగా నియమితుడై, నిబంధనల ప్రకారం బొమ్మ రైళ్ళ కొలతైన ఎనభై ఏడో వంతుకు తగ్గాడు. ఐదడుగుల ఏడంగుళాల మనిషి వేలి కణుపంత అయ్యాడు. రేషన్ కార్డులో ఆయన యూనిట్ మాత్రం అలాగే ఉంచారు. తగ్గింది మనిషే గానీ మనుషుల సంఖ్య కాదని తహసీల్దారు కార్యాలయం వివరణ ఇచ్చింది.

దరఖాస్తు పెట్టింది భార్య మాణిక్యమ్మే. రిటైరయిన మర్నాటి నుంచి ఆయన పద్ధతి ఆమెకు నచ్చలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు రైలు నడిపిన మనిషికి ఇల్లు కొత్త ఊరు. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు. వంటగది గడప దగ్గర ఆగిపోయి, ఎవరైనా రమ్మంటే తప్ప లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ క్యారియర్ కోసం చూస్తూ కూర్చునేవాడు. ముప్పయ్యో రోజున ఆయన చొక్కా మెడ దగ్గర వదులైంది. అది చూసి మాణిక్యమ్మ చిన్న కొలతల రైళ్ళ విభాగానికి వెళ్ళి, నమూనా తొమ్మిది నింపి ఇచ్చి వచ్చింది.

బొమ్మ రైలు ఆమెకు కొత్త కాదు. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు. ఆకురాయి పట్టడం, టంకం వేయడం ఆయన దగ్గరే నేర్చింది. పెళ్ళయిన కొత్తలో, మొగుడు డ్యూటీకి పోయాక తోచక, పాలపొడి డబ్బా రేకు కత్తిరించి ఒక ఆవిరి ఇంజను చేసింది. పాత టేపు రికార్డరు మోటారు తీసి అందులో బిగించింది. బల్ల చుట్టూ పట్టాలు పరిచి, గడియారం చూసుకుంటూ నడిపేది. ఇక్కడికొచ్చేసరికి ఒంగోలు దాటుంటాడు, ఈ మలుపు తిరిగితే చీరాల, అనుకునేది. గురవయ్య దాన్ని షోకేసులో పెట్టుకునే వస్తువనుకున్నాడు. బాగుందని ఒకసారి అన్నాడు కూడా.

తనిఖీకి షరీఫ్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, పట్టాల మధ్య ఎడం స్కేలుతో కొలిచి, రెండు అభ్యంతరాలు రాశాడు.

"అమ్మా, ఆయనకున్నది డీజిలు బండి సర్టిఫికెట్టు. ఆవిరి ఇంజను ఇవ్వడానికి లేదు. రెండోది, మీ ఇంజను తలుపులు రంగుతో గీసినవి. మనిషి ఎక్కేదెట్లా?"

"ఇన్నాళ్ళూ ఎక్కేవాళ్ళు లేరు గదండీ," అంది మాణిక్యమ్మ.

ఆమె సికింద్రాబాదు దుకాణం నుంచి బస్సు పార్సిల్లో ఒక సెకండ్ హ్యాండ్ డీజిలు ఇంజను తెప్పించింది. ఒక చక్రం వంకరగా తిరుగుతుంటే విప్పి, నిదానంగా ఆకురాయి పట్టి సరిచేసింది. పాత మోటారు కుదుపుతో ఆగుతోందని కొత్తది వేసి, దానికి బరువైన ఇత్తడి చక్రం తగిలించింది. బండి గబుక్కున ఆగితే లోపలి మనిషి ముందుకు పడతాడు. తలుపులు సన్న రంపంతో కోసి, సూది ముక్కలతో బందులు పెట్టింది. జాకెట్టు భుజంలోని స్పాంజి కత్తిరించి సీటు చేసింది. కంపెనీ వాళ్ళు సీటు పెట్టనేలేదు. అద్దంలోంచి లోపలికి ఎవరూ చూడరని వాళ్ళ ధైర్యం.

గురవయ్యను షరీఫ్ చొక్కా జేబులో తీసుకొచ్చి, రసీదు మీద మాణిక్యమ్మ సంతకం తీసుకుని, ప్లాట్‌ఫారం మీద దించాడు. గురవయ్య అటూ ఇటూ చూసి, చొక్కా సర్దుకుని, ఇంజను చుట్టూ తిరిగాడు. ఒక్కొక్క చక్రాన్నీ తట్టి చూశాడు. మాణిక్యమ్మ వంగి చెవి దగ్గరగా పెట్టింది.

"మాణిక్యం, హారన్ లేకుండా బండెట్టా తీసేది?"

ఆ గొంతు దోమ రొదంత ఉంది. కానీ అందులో నలభై రోజులుగా వినపడని హుషారు ఉంది. ఆమె సాయంత్రంలోగా హారన్ పెట్టింది.

ఆయన మళ్ళీ మనిషయ్యాడు. రోజుకు నలభై ట్రిప్పులు. నాలుగు గూడ్సు పెట్టెలు కావాలన్నాడు, ఆమె కట్టింది. మలుపు దగ్గర బండి ఊగుతోందన్నాడు, పట్టా కింద అట్టముక్క పెట్టింది. ఫ్యాను వేస్తే కిటికీలోంచి దుమ్ము కొడుతోందన్నాడు, ఉక్కపోసినా ఫ్యాను మానేసింది. ఒక మధ్యాహ్నం పట్టాల మీదికి బల్లి వచ్చింది. ఆయన పరుగెత్తలేదు. హారన్ కొట్టి, బండిని జానెడు దూరంలో ఆపి, బల్లి కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. మాణిక్యమ్మే చీపురుతో పరుగెత్తుకొచ్చి దాన్ని తోలింది. గురవయ్య రిజిస్టరులో రాశాడు: 'లైను మీద జంతువు. ఆలస్యం నాలుగు నిమిషాలు. ఇంటి సిబ్బంది తొలగించారు.'

ఆ రాతను భూతద్దంలో చదివిన రోజు ఆమె అన్నం సరిగా తినలేదు. మొగుడు ముందు గదిలోనే ఉన్నాడు, అయినా డ్యూటీలోనే ఉన్నాడు. మర్నాడు గార్డు పోస్టుకు తనూ దరఖాస్తు పెట్టింది. రాత పరీక్షలోనూ, చూపు పరీక్షలోనూ నెగ్గింది. షరీఫ్ ఫైలు మూసి మొహమాటంగా నవ్వాడు.

"మీరూ లోపలికి పోతే స్విచ్చి ఎవరు వేస్తారమ్మా? నూనె ఎవరు పోస్తారు? బల్లి వస్తే?"

"అయితే ఆ పనికి ఒక మనిషిని వెయ్యండి."

ఆయన పైవాళ్ళకు రాశాడు. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. బయట ఉండి లైను చూసుకునే పోస్టు ప్రతి ఇంట్లోనూ మొదటినుంచీ ఉన్నదే కనుక, కొత్తగా మంజూరు చేయవలసిన అవసరం కనిపించడం లేదు. ప్రస్తుతం ఆ పోస్టులో ఉన్నవారినే కొనసాగించవలెను. మాణిక్యమ్మ రెండుసార్లు చదివింది. తప్పేమీ కనిపించలేదు. మడిచి బీరువాలో పెట్టి, షరీఫ్ మళ్ళీ తనిఖీకి వచ్చినప్పుడు బల్ల దగ్గరికి పిలిచింది.

"పోనీ ఒకటి అడుగుతాను. బల్ల ఈ చివర నేను కూర్చుని తింటాను. అక్కడ బండి రెండు నిమిషాలు ఆగేట్టు రాయండి."

"రెండు కుదరదమ్మా. ప్రయాణికుల రద్దీ లేని చోట ఒకటే."

ఆ చివర ఆమె అగ్గిపెట్టె చెక్కతో చిన్న ప్లాట్‌ఫారం కట్టింది. పేరు బోర్డు పెట్టాలంటే అనుమతి కావాలన్నారు, మానేసింది. సోమవారం నుంచి కొత్త టైంటేబులు అమల్లోకి వచ్చింది. మొదటి ట్రిప్పులో గురవయ్య బండి ఆపి, గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. రెండో ట్రిప్పులో కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"తిన్నావా?"

"తింటున్నా. దొండకాయ వేపుడు."

నిమిషం అయింది. పావుగంటకు మళ్ళీ వచ్చాడు.

"ఈ ఇంజను ఇంత నున్నగా ఆగుద్దేంది? మా బళ్ళు కూడా ఇట్టా ఆగేవి కాదు. ఎప్పుడు నేర్చావే ఇదంతా?"

"నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు."

ఆయన ఏదో అనబోయాడు. కానీ టైమయింది. బండి ఒక్క క్షణం కూడా ఆలస్యం చేసే మనిషి కాదు. ఆ మాట నాలుగో ట్రిప్పుకు తెచ్చాడు.

"ఒక్కదానివే ఎట్టా ఉన్నావు మాణిక్యం, అన్నేళ్ళు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆమెకు పదకొండు ట్రిప్పులు పట్టింది. ప్రతి నిమిషం చివరా మాట ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, బండి తిరిగి వచ్చాక అక్కడినుంచే అందుకుంది. ఆయన ప్రతిసారీ కిటికీ దగ్గర చెయ్యి ఆనించుకుని విన్నాడు. పెళ్ళయ్యాక ఒకే రోజులో వాళ్ళిద్దరూ అంత సేపు మాట్లాడుకోవడం అదే మొదలు. సాయంత్రానికి ఆమెకు గొంతు బొంగురుపోయింది. మర్నాడు తెల్లవారకముందే లేచి, స్విచ్చి వేసి, పట్టాలు గుడ్డతో తుడిచింది.

సంగతి కాలనీలో తెలిసింది. శుక్రవారం పక్కింటి కరుణమ్మ వచ్చి, చెప్పులు వాకిట్లో విడిచి, బల్ల పక్కన చాలాసేపు నిలబడింది. బండి వచ్చి ఆగడం, గురవయ్య తల బయట పెట్టడం, మాణిక్యమ్మ నవ్వుతూ వంగడం, బండి కదలడం అన్నీ చూసింది.

"బాగున్నారు వదినా," అంది చివరికి. "మా ఆయనకి వచ్చే నెలాఖరుకి రిటైర్మెంటు. ముప్పయ్యేళ్ళు బ్యాంకులో క్లర్కు పని. ఇంట్లో ఉంటే ఏం చేస్తాడో, నాతో ఏం మాట్లాడతాడో నాకైతే భయంగా ఉంది. బ్యాంకు కట్టడానికి ఎంత చెక్క పడుద్ది?"

మాణిక్యమ్మ కొలిచే టేపు తీసుకుని లేచింది.

"కౌంటర్లు ఎన్ని?"

"మూడు చాలు," అంది కరుణమ్మ. "నేను నిలబడ్డానికి బయట కాస్త జాగా ఉండాలి. లైనులో వస్తాను."