నలభై మూడు జతపత్రాలు

ఆ రోజు ఉదయం ఎనిమిదింటికల్లా మేస్త్రీ వచ్చి వంటింటి పక్కన పునాదికి ముగ్గు పొయ్యాలన్నది ఏర్పాటు. అంత ఇంటికీ ఉన్నది ఒక్కటే స్నానాలగది, అదీ మేడమీద. పదిహేడు మెట్లు. ఇల్లాలి మోకాళ్ళు రెండేళ్ళుగా ఆ మెట్లతో పోట్లాడి రోజూ ఓడిపోతున్నాయి. కింద ఇంకో గది కట్టించడానికి ఇంటాయన ఎట్టకేలకు ఒప్పుకున్నాడు.

ఇంటాయన గురించి ఒక మాట చెప్పుకోవాలి. ముప్పై అయిదేళ్ళు రికార్డుల గదిలో గుమాస్తాగిరీ వెలగబెట్టి పదవీ విరమణ చేసినవాడు. ఆధారం లేని మాట ఆయన దృష్టిలో అబద్ధమే. పాలు విరిగాయంటే గిన్నె చూపించమనే రకం. అందుకే వీధిలో అందరూ ఆయన్ని ఆధారాలాయన అంటారు.

మేస్త్రీ వచ్చాడు. ముగ్గుకు అడ్డంగా ఉందని వంటింటి పక్క వసారాలోని బల్ల జరిపాడు. దాని పొట్టికాలి కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం బయటపడింది. పురపాలక సంఘం తాఖీదు. ఈ ఇల్లు పాతకాలపు విశేష కట్టడం కాబట్టి వారసత్వ భవనాల జాబితాలో చేర్చదలిచామనీ, అభ్యంతరాలుంటే ఫలానా తేదీ సాయంత్రం అయిదులోగా చెప్పుకోవచ్చనీ ఉంది. ఆ ఫలానా తేదీ ఆ రోజే. కాగితం వెనక పక్క ఏం రాశారో బల్లకాలి మురికి మింగేసింది.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు ఆధారాలాయన.

బావమరిది కాఫీ గ్లాసు వెనక మొహం దాచుకున్నాడు. "రెండు వారాల కింద వచ్చింది బావగారూ. బల్ల ఊగుతోందని అక్క సణుగుతుంటేనూ..."

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. "మా ముత్తాత కట్టిన ఇంట్లో నా భార్యకి గది కట్టించుకోడానికి మధ్యలో వీళ్ళెవరయ్యా? జాబితాట, జాబితా. ఎలా చేరుస్తారో నేనూ చూస్తాను."

"మాకిష్టం లేదని ఒక్క ముక్క రాసి పడేయండి బావగారూ."

"నా మోకాళ్ళ సంగతి రాయండి, చాలు" అంది ఇల్లాలు.

"మోకాళ్ళకి ఆధారమేది?" అని ఆయన అటక మీది ట్రంకుపెట్టె దింపించాడు.

మొదటి అభ్యంతరం, మెట్లు ప్రమాదకరం. ఆధారం, వాటి మీంచి జారిపడ్డ ముత్తాత, వడ్రంగిని కడిగేస్తూ రాసిన ఉత్తరం, తేదీతో సహా. రెండోది, కిటికీ తలుపులు మూసుకోవు. ఆధారం, తొంభై ఏళ్ళ నాటి ఫోటో. అందులోనూ మూసుకోలేదు. దూలాలు వంగిపోయాయని రుజువు చెయ్యడానికి, అవి తిన్నగా ఉన్నప్పటి అసలు నక్షా జతపరిచాడు. మధ్యాహ్నానికి పెట్టె ఖాళీ అయింది గానీ ఆయన కోపం కాలేదు. ఎదురింటి ముసలమ్మని పిలిపించి, తన చిన్నతనం నుంచీ ఈ ఇల్లు ఇంతే అధ్వానంగా ఉందని వాంగ్మూలం రాయించుకున్నాడు.

పొద్దుట్నుంచీ చేతులు కట్టుకు కూర్చున్న మేస్త్రీని చివరికి వీధిలోకి లాక్కెళ్ళాడు. "ఈ వీధి గోడ మీద ఒక్క దెబ్బ వెయ్యి. లోపల ఎంత పుచ్చిపోయిందో వాళ్ళకి తెలియాలి."

ఒక్క దెబ్బకి తలుపంత పెచ్చు ఊడిపడింది. లోపల గోడ ఇనుములా ఉంది. దాని మీద కట్టినవాడి పేరూ, సంవత్సరమూ చెక్కి ఉన్నాయి.

"గోడ గట్టిదేనండి" అని గొణిగాడు మేస్త్రీ.

"సంవత్సరం చూడవయ్యా. నూటపదేళ్ళు. ఒక గోడ ఇంకెన్నాళ్ళు బతకాలి?" అని ఆయన దానికీ ఫోటో తీయించి, ముప్పైతొమ్మిదో జతపత్రంగా చేర్చి, కింద సంతకం పెట్టాడు.

మొత్తం నలభై మూడు తేలాయి. నాలుగున్నరకి భార్యాభర్తలూ బావమరిదీ పురపాలక ఆఫీసుకి చేరారు. సంబంధిత విభాగం మేడమీద ఉంది. కిందే కూర్చోమంటే ఇల్లాలు వినలేదు. గది తనకోసమే కాబట్టి తానూ వస్తానని, ఒక్కో మెట్టు పట్టుకుని ఎక్కింది.

అధికారిణి కాగితాల కట్టమీద ముద్ర కొట్టి చదవడం మొదలుపెట్టింది. పేజీ తిరిగేకొద్దీ ఆమె మొహం విప్పారుతోంది.

"చూశారా, ఒక్కదానికీ మీ దగ్గర జవాబుండదు" అన్నాడు ఆధారాలాయన మీసం సవరించుకుంటూ.

"ఉండదండి. అసలు మీ ఇంటిని జాబితాలో చేర్చే ఆలోచన ఇవాళ సాయంత్రం మానుకుందామనుకున్నాం. ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో ఒక్క కాగితమూ దొరకలేదు. అన్నీ మీరే తెచ్చిచ్చారు."

"గోరు కూడా అక్కర్లేనిదానికి గొడ్డలి మోసుకొచ్చాం బావగారూ" అన్నాడు బావమరిది.

"అయితే ఆ కట్ట ఇటిచ్చేయండి."

"ముద్ర పడిందండి."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముద్ర పడ్డ కాగితాన్ని ముప్పై అయిదేళ్ళలో ఒక్కరికీ, సొంత మామగారికి సైతం, తిరిగివ్వని మనిషి ఆయన.

"ఇంతకీ మేం కింద స్నానాలగది కట్టుకోవచ్చా, కూడదా?" అడిగింది ఇల్లాలు.

"లోపల ఏమైనా కట్టుకోండమ్మా, అర్జీ ఇస్తే చాలు. తాఖీదు వెనక రాశాంగా. వీధి గోడ మీద మాత్రం చెయ్యి వెయ్యకూడదు." అధికారిణి పేజీ తిప్పింది. ముప్పైతొమ్మిదో జతపత్రం వచ్చింది. "ఇదెవరు కొట్టించారండీ?"

"కింద సంతకం ఉంది చూడండి" అంది ఇల్లాలు.

ఆ గోడని పాత సున్నంతో, పాత పద్ధతిలోనే మళ్ళీ పూయించాలంది అధికారిణి.

"పూయించను. నా ఇల్లు, నా గోడ, నా దెబ్బ. ఎక్కడిదాకా వెళ్ళాలో అక్కడిదాకా వెళ్తాను" అని ఆయన బల్ల గుద్దాడు. ఆయన గుద్దుతుండగానే ఇల్లాలు ఆయన జేబులో పెన్ను తీసుకుని, ఓ తెల్లకాగితం మీద స్నానాలగదికి రెండు వాక్యాల అర్జీ రాసి ముందుకు తోసింది.

"జతపత్రాలేమైనా ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయి. రెండు మోకాళ్ళు. మీ ఇరవైరెండు మెట్లూ ఎక్కి తెచ్చాను."

అధికారిణి బల్ల మీంచి వంగి చూసింది. అనుమతి రాసి, ముద్ర కొట్టి ఇచ్చింది.

ధ్రువీకరణ సంతకం లేని జతపత్రాల మీద అనుమతి ఎలా చెల్లుతుందని ఆధారాలాయన అక్కడే నిలబడి మరో అభ్యంతరం రాయడం మొదలుపెట్టాడు.