నైరుతి ఎత్తిన బండి

రోడ్డు బాగుచేయమని అధికారుల చుట్టూ తిరిగేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది. రోడ్డు ఎక్కడో ఊరి బయట ఉంది. అది ఎవరిదో మనకు తెలియదు. బండి మన వాకిట్లోనే ఉంది, అది మనదే. మనది కానిదాన్ని బాగుచేయమని పరాయివాళ్లను అడగడం కంటే, మన బండినే కాస్త పైకెత్తుకుంటే పోదా?

ఈ కొత్త శతాబ్దంలో దానికొక సాధనం వచ్చింది. లిఫ్ట్ కిట్ అంటారు. ఇరుసుకూ కమాను స్ప్రింగుల కట్టకూ నడుమ ఇనుప దిమ్మెలు పెట్టి, పొడుగు బోల్టులతో బిగిస్తే బండి జానెడు పైకి లేస్తుంది. ప్రతి గృహస్థూ దీన్ని ఇంట్లోనే, స్వహస్తాలతో బిగించుకోవాలని నా మనవి. ఎందుకో చెబుతాను.

మా పల్లె నుంచి బత్తలపల్లె మెయిన్ రోడ్డుకు పోయే దారి నేరుగా తూర్పుకు పోతుంది. తాగునీటి పైపు వేస్తామని ఆ దారికి దక్షిణం పక్కన పొడవునా కాలువ తవ్వారు. పైపు రాలేదు. నీళ్లూ రాలేదు. కాలువ మాత్రం వచ్చింది. వానలు లేని మా సీమలో కూడా, లారీల బరువుకే తారు ఆ పక్కకు కుంగి, రోడ్డంతా ఇంటి కప్పులాగా వాలిపోయింది. ఆ వాలు మీద బస్సు ఒరిగి ఒరిగి, చివరికి ఒకనాడు డ్రైవరు దిగి దండం పెట్టి, మళ్లీ మా ఊరికి రానన్నాడు.

మా అమ్మాయి ఆశ్రిత ధర్మవరంలో ఇంటర్ చదువుతోంది. బస్సు లేకపోతే కాలేజీ లేదు. రోడ్డు బాగుపడితేనే బస్సు. అప్పటికింకా నాకు జ్ఞానోదయం కాలేదు కనుక, రోడ్ల ఆఫీసులో నేనూ అందరిలాగే ఒక అర్జీ ఇచ్చి వచ్చాను.

అంతవరకూ మా పాత పికప్ బండిలోనే పిల్లను మెయిన్ రోడ్డు దాకా దింపేవాళ్లం. తోలేది నా బావమరిది హరినాథ్. గుంతల్లో బండి పొట్ట నేలకు రాసుకొని చేసే శబ్దానికి కుక్కలు వెంటపడేవి. హరినాథ్ విసిగిపోయి బెంగళూరు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. పెట్టె మీద టోపీ పెట్టుకున్న దొర ఒకడు, చొక్కా నలగకుండా బండి కింద నుంచి నవ్వుతున్నాడు. ఇంట్లో ఉండే మామూలు పనిముట్లు చాలునని పక్కన ఇంగ్లీషులో రాసి ఉంది.

మా ఇంట్లో ఉండే మామూలు పనిముట్లు ఇవి: గడ్డపార, సమ్మెట, పార, పళ్లు అరిగిన పానా. ట్రాక్టరు జాకీ అడిగి తెచ్చుకున్నాం. జాకీ మీద లేచిన బండి జారకుండా కింద పెట్టడానికి బలమైన ఆధారం కావాలంది ఇంగ్లీషు కాగితం. ఇల్లంతా వెదికితే రుబ్బురోలును మించిన ఆధారం కనబడలేదు.

"రోలు బండి కింద పెడితే పిండి యాడ రుబ్బల్ల?" అని అడిగింది నా భార్య సువర్ణ.

"రెండు గంటల్లో ఇచ్చేస్తాం లేక్కా" అన్నాడు హరినాథ్.

ఆ వారమంతా మా ఇంట్లో దోశెలు లేవు. ఇదే మొదటి లాభం. పెద్దలు లంఖణం పరమౌషధమన్నారు. మేము దాన్ని బండి చలవ వల్ల ఆచరించాం.

రెండో లాభం, ఊరి ఐకమత్యం. బండి కింద ఒక మనిషి పడుకొని ఉంటే, దారిన పోయేవాడు ఎవడూ ఊరికే పోలేడు. గట్టు తగాదాతో నాతో మాటలు మానేసిన ఓబన్న కూడా ఆగాడు.

"ఏమప్పా, ఆ బోల్టు తిరగల్లంటే ఇటు పక్కకు తిప్పల్ల."

"అటే తిప్పుతాండా."

"నువ్వు యాపొద్దూ అంతే. గట్టు కాడా అంతే, బోల్టు కాడా అంతే."

ఎన్నాళ్ల తర్వాత విన్న మాట! పెద్దమనుషుల పంచాయతీ కలపలేని ఇద్దరిని ఒక తుప్పు పట్టిన బోల్టు కలిపింది. ఇద్దరం చెరొక వైపు పానా పట్టుకొని లాగితే బోల్టు మాత్రం కదలలేదు గాని, అది బోల్టు స్వభావం.

సమ్మెటతో, ఆంజనేయస్వామి నామంతో మొత్తం మీద పాత బోల్టులన్నీ ఊడాయి. ఇక దిమ్మెలు పెట్టాలి. సరిగ్గా అప్పుడే సిద్ధాంతి గంగప్ప వచ్చాడు. వాస్తు చూసి మా చుట్టుపక్కల చాలా ఇళ్లలో వాకిళ్లు మూయించి కిటికీలు తెరిపించినవాడు. నేను దైవభక్తి కలవాణ్ణి. ఆయన మాటంటే నాకు గౌరవం.

"నాలుగు పక్కలా ఒకటే ఎత్తు పెడతాండారా?" అన్నాడు గంగప్ప, నెత్తిన చేయి పెట్టుకొని. "బండి యాడ నిలుపుతారు?"

"వాకిట్లోనే. తూర్పు మొకంగా."

"అంటే ఇంట్లో భాగమే కదప్పా. నైరుతి ఎత్తుండల్ల, ఈశాన్యం పల్లముండల్ల. లేకుంటే ఇంటికి మంచిది కాదు."

కిట్‌లో దిమ్మెలు నాలుగే. కుడి వైపు వెనక చక్రం నైరుతి కనుక దానికి రెండు పెట్టించాడు. కుడి ముందరిదానికి ఒకటి, ఎడమ వెనకదానికి ఒకటి. ఎడమ ముందరి చక్రం ఈశాన్యం కనుక దానికి ఏమీ లేదు. లెక్క సరిపోయింది. ఇంగ్లీషు దొరకు తెలియదు గాని, ఆ కిట్ వాస్తు కోసమే తయారైనట్టుంది.

నాకొక చిన్న సందేహం వచ్చింది. తెలియనిది అడగడం తప్పు కాదు కదా. "అయ్యా, బండి మలుపు తిరిగితే నైరుతి పోయి ఈశాన్యమైతాది కదా?"

గంగప్ప నా వైపు జాలిగా చూశాడు. "ఏమిటికి తిప్పుతావు?"

పని పూర్తయ్యాక బండి, ముందరి ఎడమ కాలు మడిచి గుడి ముందు మోకరిల్లిన ఏనుగులా నిలబడింది. హరినాథ్ అట్టపెట్టెను, బండిని మార్చి మార్చి చూశాడు. "బావా, ఈ బొమ్మలో ఇట్ల లేదు."

కానీ చూడండి మహిమ! మరునాడు ఆశ్రితను ఎక్కించుకొని బయలుదేరితే బండి నీళ్ల మీద పడవలా పోయింది. రోడ్డు కుడి పక్కకు కుంగి ఉంది, బండి కుడి పక్క ఎత్తుగా ఉంది. మెయిన్ రోడ్డు దాకా దారి ఎత్తు ఎక్కుతుంది, బండి ముందుకు వంగి ఉంది. రెండు వంకరలూ కలిసి ఒక సమం అయ్యాయి. సువర్ణ పిల్లకు కట్టిచ్చిన మజ్జిగ చుక్క తొణకలేదు. వాస్తు అబద్ధమనేవాళ్లు దీనికేమంటారు?

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం పడమటి ముఖం పట్టాల్సి వచ్చింది. అప్పుడు రోడ్డు వాలూ బండి వాలూ ఒకే పక్కకు కూడాయి. నేను ఎడమ తలుపుకు అతుక్కుపోయాను. హరినాథ్ వచ్చి నాకు అతుక్కుపోయాడు. స్టీరింగు ఒక్కటే దాని చోట ఉంది.

గంగప్పను అడిగితే తడుముకోకుండా చెప్పాడు. "మొకం తూర్పుకే ఉండల్లని చెప్తి కదా. రివర్సులో రా."

అప్పటి నుంచి మా బండి పొద్దున ముందుకు పోతుంది, వెనక్కి వెనక్కే వస్తుంది. ఇందులో ఎన్ని లాభాలో! డ్రైవరు మెడకు వ్యాయామం. ఎప్పుడూ ఉదయించే దిక్కుకే ముఖం, అదొక పుణ్యం. పైగా మేము పోతున్నామో వస్తున్నామో దారిన పోయేవారికి తెలియదు కనుక, ఎక్కించుకోమని చేయెత్తేవాళ్లు తగ్గిపోయారు.

హరినాథ్ ఈ పుణ్యాన్ని సరిగా అర్థం చేసుకోలేదు. మెడ ఒక పక్కకు పట్టేసి, అన్నం తినేటప్పుడు కూడా వెనక్కే చూస్తున్నాడు. "ఈ నెల దాకానే బావా. మళ్ల నాతో కాదు. రోడ్డన్నా ఏపించు, పాప కాలేజీ అన్నా మాన్పించు."

"కాలేజీ మాన్పిస్తే నీ మెడ నేనే తిప్పుతా" అంది సువర్ణ.

నేను దేవుడి మీద భారం వేశాను. దేవుడు ఇంజనీరును పంపాడు.

ఆయన పక్క ఊరి పని చూసుకొని, పడమటి వైపు బండిదారిలో ఎవరిదో మోటారు సైకిల్ మీద వచ్చి మా ఇంటి ముందే దిగాడు. కారు మెయిన్ రోడ్డు మీద ఉందట. మీ అర్జీ రోడ్డు చూస్తూ అక్కడికి పోతానన్నాడు. ఆశ్రిత మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "సార్, బస్సు రావల్ల సార్" అని ఒక్క మాటే అంది. మంచి ఎండ. పెద్దమనిషిని నడిపించడం మర్యాదా? మా బండిలో ఎడమ కిటికీ పక్కన కూర్చోబెట్టాం. నేను నడుమ, హరినాథ్ కుడి పక్కన. కాలువ హరినాథ్ వైపు. ఇంజనీరుగారి వైపు కనబడేది వేరుశనగ చేలు.

బండి పడవలా పోయింది. ఆయన చేతి గ్లాసులో మజ్జిగ తొణకలేదు.

"ఏమప్పా, రోడ్డు సమంగానే ఉందే. వాలిపోయిందని రాసినారు?"

"సమంగా ఉండేది రోడ్డు కాదు సార్, బండి" అన్నాను.

"బండి సమంగా పోతోందంటే రోడ్డు సమంగా ఉన్నట్టే కదా."

"ఒక తూరి దిగి చూడండి సార్" అన్నాడు హరినాథ్, తిరగని మెడతో అద్దంలోకి చూస్తూ. "లేదంటే ఇట్లే వెనక్కి తిప్పుతా, మీకే తెలుస్తాది."

ఇంజనీరుగారు ఎండను చూశారు. దూరంగా నిలిచిన తన కారును చూశారు. మజ్జిగ తాగి గ్లాసు నా చేతికిచ్చారు.

కొన్నాళ్లకు ఆఫీసుకు వెళ్లి అడిగాను. రోడ్డు సమతలంగా ఉంది, పక్కన కాలువ ఏదీ లేదు, మరమ్మతు అక్కరలేదు అని రాశారట. బస్సు డిపోకు పోతే, రోడ్డు బాగుందని మాకూ కాగితం వచ్చింది, కానీ మా డ్రైవరు కాగితం మీద తోలడు, రోడ్డు మీద తోలతాడు అన్నారు.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. ఆశ్రిత పుస్తకం మూసింది.

"నాయనా, ఆ కాలువలో నుంచి తీసిన మట్టి యాడుండాది?"

"ఆ గట్టు మీదనే, కుప్పలుగా."

"పార యాడుండాది?"

"ఇంట్లోనే."

"మళ్ల?"

"అది మన పని కాదు తల్లీ. గవర్మెంటు పని."

"బండి కింద దూరి వారమంతా పండుకునేది మన పనా?"

నేను దైవభక్తి కలవాణ్ణి కనుక గంగప్పను ముహూర్తం అడిగి వస్తానని లేచాను. సువర్ణ అంతదాకా ఆగలేదు. పార తెచ్చి నా ముందు పెట్టింది.

ఇప్పుడు ఊళ్లో సగం మంది ఆ కాలువ పూడుస్తున్నాం. ఓబన్న నా పక్కనే నిలబడి, పార ఎట్లా పట్టాలో చెబుతున్నాడు. కుంగిన పక్క మట్టి పోసి దిమ్మిసతో కొడుతున్నాం. సగం దూరం అయ్యింది. డిపో వాళ్లు ఒకసారి వచ్చి చూసి, తక్కిన సగం కూడా అయితే బస్సు పంపుతామన్నారు.

పాఠకులు దీన్ని కష్టమనుకోకూడదు. పని ముగిసిన రోజున రోడ్డు సమతలంగా ఉంటుంది, పక్కన కాలువ ఏదీ ఉండదు, మరమ్మతు అక్కర ఉండదు. ఇంజనీరుగారు ఎండలోకి దిగకుండా రాసిన మాటను, మేము ఎండలో నిలబడి అక్షరం పొల్లుపోకుండా నిజం చేస్తున్నాం. ఒక అధికారి చేత సత్యం పలికించే భాగ్యం ఎందరికి దక్కుతుంది?